కీళ్లవాతం: నొప్పికి ఏళ్ల ముందే రక్తంలో ఆనవాళ్లు.. అమ్మకు ఉంటే పిల్లలకూ వస్తుందా?

ఇంట్లో అమ్మకో, అమ్మమ్మకో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే పిల్లల్ని ఓ భయం వెంటాడుతుంది. పొద్దున్నే వేళ్లు కాస్త పట్టేసినా చాలు.. ‘నాకూ మొదలైందా?’ అని నేరుగా ల్యాబ్‌కి వెళ్లిపోతారు. రిపోర్టులో ‘పాజిటివ్’ అని కనిపిస్తే ఇక నిద్ర పట్టదు. ఇంతకీ ఆ పాజిటివ్‌కి అర్థమేంటి?

ఇది వయసుతో మోకాళ్లు అరిగిపోయే సమస్య కాదు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి సొంత కీళ్ల మీద దాడి చేసే జబ్బు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

జన్యువుల పాత్ర ఉంది. ముఖ్యంగా హెచ్‌ఎల్ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులోని కొన్ని రకాలు ముప్పు పెంచుతాయి. అయితే జన్యువులే అంతా కాదు. అచ్చం ఒకే జన్యువులున్న కవలలపై 1993లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనం చూస్తే.. ఒకరికి ఈ జబ్బు ఉన్నప్పుడు రెండోవారికీ ఉన్నది దాదాపు 15 శాతం జంటల్లోనే!

మరి మిగతాది? పెద్ద అనుమానం పొగ మీదే. పొగ వల్ల ఊపిరితిత్తుల్లోని కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. ముప్పు జన్యువు ఉన్నవాళ్లలో రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుందని శాస్త్రవేత్తల అంచనా. యాంటీ-సీసీపీ టెస్టులో పట్టుబడేవి ఇవే. 2006 నాటి స్వీడన్ అధ్యయనంలో, ఆ జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చి, పొగ కూడా తాగేవాళ్లకు యాంటీ-సీసీపీ ఉండే రకం జబ్బు ముప్పు 21 రెట్లు కనిపించింది. ఈ రెండూ లేనివాళ్లతో పోలిస్తే అన్నమాట.

అసలు విషయం ఇక్కడుంది. నెదర్లాండ్స్‌లో ఈ జబ్బు వచ్చిన 79 మంది గతంలో రక్తదానం చేసి ఉన్నారు. బ్లడ్‌బ్యాంకులో దాచిన ఆ పాత శాంపిళ్లను తీసి చూస్తే, సుమారు సగం మందిలో నొప్పులు రాకముందే యాంటీబాడీలు ఉన్నాయి. సగటున నాలుగున్నరేళ్ల ముందు నుంచి! 2004లో బయటపెట్టిన సంగతి ఇది.

అంటే పాజిటివ్ వస్తే జబ్బు ఖాయమా? కాదు. ఆర్ఏ ఫ్యాక్టర్ హెపటైటిస్-సి ఉన్నవాళ్లలో, కొందరు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కూడా పాజిటివ్ వస్తుంది. యాంటీ-సీసీపీని అంత తేలిగ్గా తీసుకోలేం. అది ఉండి, కీళ్ల నొప్పులూ మొదలైతే ముప్పు ఎక్కువే.

ముందే ఆపగలమా అన్నదానికి 2024లో కొంత జవాబు దొరికింది. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో ఇలాంటి ముప్పున్న 213 మందిలో కొందరికి ఏడాది పాటు అబాటాసెప్ట్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది చివరికి మందు తీసుకున్నవాళ్లలో 6 శాతం మందికి, ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 29 శాతం మందికి జబ్బు వచ్చింది. మందు ఆపేసిన మరుసటి ఏడాదికి ఆ తేడా 25, 37 శాతాలకు తగ్గిపోయింది. జబ్బు వాయిదా పడింది కానీ పూర్తిగా ఆగలేదు.

అందుకే ఏ ఇబ్బందీ లేకుండా ఊరికే టెస్టులు చేయించుకోవడం దండగ. పొద్దున లేచాక అరగంట దాటినా వేళ్లు వదులవకపోతే, రెండు చేతుల చిన్న కీళ్లు వాచి వారాల తరబడి తగ్గకపోతే మాత్రం పెయిన్‌కిల్లర్‌తో సరిపెట్టకుండా రుమటాలజిస్ట్‌ని కలవాలి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్నది డాక్టర్‌కి మొదటే చెప్పాలి.