మంటలో వేడి ఎవరిది?

వంటగదిలో ఉన్న ఎర్ర సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అన్నం ఉడికించే వేడంతా ఆ గ్యాస్‌లోనే దాగి ఉందని, నాబ్ తిప్పి వెలిగించగానే బయటికొస్తుందని అనుకుంటాం. ‘ఇంధనంలోని బంధాలు తెగి శక్తి విడుదలవుతుంది’ అని విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. ఈ రెండూ సరికావు. రసాయన బంధం ఏదైనా సరే, దాన్ని తెంచాలంటే శక్తి ఖర్చు పెట్టాల్సిందే. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటికొస్తుంది. మంట ఇచ్చే వేడి ఈ ఖర్చుకూ రాబడికీ మధ్య మిగిలేది మాత్రమే. ఆ మిగులులో పెద్ద వాటా ఎవరిదని లెక్క తీస్తే, మనం డబ్బు పెట్టి కొనే ఇంధనం కన్నా ముందు ఉచితంగా వచ్చే గాలిలోని ఆక్సిజన్ పేరు చెప్పాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. గాలి పీడనం మారని చోట, అంటే మన పొయ్యి మీద జరిగినట్టుగా, ఒక చర్యలో వెలువడే లేదా పీల్చుకునే వేడిని ఎంథాల్పీ మార్పు అంటారు. ఒక మోల్ పదార్థం ఆక్సిజన్‌లో పూర్తిగా మండినప్పుడు వచ్చే మార్పు దాని దహన ఎంథాల్పీ. వేడి బయటికి పోతుంది కాబట్టి దానికి రుణ గుర్తు పెడతారు. అన్నిటికన్నా సులువైన ఉదాహరణ మీథేన్. ఒక మోల్ మీథేన్‌లో కార్బన్–హైడ్రోజన్ బంధాలు నాలుగు, ఒక్కొక్కటి సుమారు 413 కిలోజౌళ్లు. దానితో కలిసే రెండు ఆక్సిజన్ అణువుల్లో బంధాలు రెండు, ఒక్కొక్కటి 498. అన్నీ తెంచడానికి 2,648 కిలోజౌళ్లు ఖర్చు. తర్వాత కార్బన్ డయాక్సైడ్‌లో 799 చొప్పున రెండు బంధాలు, నీటి ఆవిరిలో 463 చొప్పున నాలుగు బంధాలు ఏర్పడతాయి. రాబడి 3,450. తేడా 802 కిలోజౌళ్లు. ఇప్పుడు ఈ 802ను విడదీసి చూడండి. హైడ్రోజన్ కార్బన్‌ను వదిలి ఆక్సిజన్‌ను పట్టుకున్నందుకు వచ్చిన లాభం 200 మాత్రమే. మిగతా 602 ఆక్సిజన్ పరమాణువులు తమ మధ్య ఉన్న బలహీన బంధాన్ని వదిలి కార్బన్‌తో గట్టి బంధం వేసుకున్నందుకు వచ్చింది. ఈ పంపకం మన సౌకర్యం కోసం చేసుకున్నదే, ప్రకృతి ఇలా గీత గీసి పెట్టలేదు. అయినా అంకెలు ఎటు మొగ్గుతున్నాయో స్పష్టంగానే ఉంది.

బంధ శక్తులు సగటు విలువలు, వాటిని నమ్ముకుని ఇంత పెద్ద మాట అనవచ్చా అని అడగవచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే ఇంకో దారిలో కూడా లెక్క కట్టాలి. 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న జెర్మైన్ హెస్ ఒక నియమం చెప్పాడు: చర్య ఏ దారిలో జరిగినా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి ఒకటే. అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్లినా, ఘాట్ రోడ్డులో బస్సెక్కి వెళ్లినా కొండపైకి చేరేసరికి ఎక్కిన ఎత్తు మారదు కదా. ఈ నియమంతో, మన సిలిండర్‌లో బ్యూటేన్‌తో పాటు ఉండే ప్రొపేన్ వేడిని పొయ్యి వెలిగించకుండానే కట్టవచ్చు. మూలకాల నుంచి ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ ఏర్పడితే మైనస్ 393.5, ద్రవరూపంలో నీరు ఏర్పడితే మైనస్ 285.8, ప్రొపేన్ ఏర్పడితే మైనస్ 103.8 కిలోజౌళ్లు. ప్రొపేన్ మండితే మూడు మోళ్ల కార్బన్ డయాక్సైడ్, నాలుగు మోళ్ల నీరు వస్తాయి. వాటి మొత్తం మైనస్ 2,323.7. అందులోంచి ప్రొపేన్ విలువ తీసేస్తే మైనస్ 2,219.9. నీరు ఆవిరిగానే పోతే మోల్‌కు సుమారు 44 చొప్పున 176 కిలోజౌళ్లు మనకు దక్కవు. ఒకే ఇంధనానికి పుస్తకాల్లో రెండు విలువలు కనిపించడానికి కారణం ఇదే.

అసలు ఆధారం ఇక్కడి నుంచి మొదలవుతుంది. నీరు ద్రవంగా మారే లెక్కన వచ్చిన వేడిని ఇంధనం మోళ్లతో కాకుండా ఖర్చయిన ఆక్సిజన్ మోళ్లతో భాగించండి. ప్రొపేన్‌కు ఐదు మోళ్ల ఆక్సిజన్ కావాలి, మోల్‌కు 444 కిలోజౌళ్లు. బ్యూటేన్‌కు 443. మీథేన్‌కు 445. పెట్రోల్‌లాంటి ఆక్టేన్‌కు 438. ఇథనాల్‌కు 456. మన రక్తంలో తిరిగే గ్లూకోజ్‌కు 467. వాయువు, ద్రవం, చక్కెర అని తేడా లేకుండా అన్నీ ఒకే చోట గుమిగూడాయి. ఈ సంగతిని బ్రిటన్‌కు చెందిన డబ్ల్యు.ఎం. థార్న్‌టన్ 1917లోనే గమనించాడు. 1980లో అమెరికాలో క్లేటన్ హగెట్ అనేక పదార్థాలను పరిశీలించి, నీరు ఆవిరిగా పోయే లెక్కన, ఒక గ్రాము ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 13.1 కిలోజౌళ్ల వేడి వస్తుందని తేల్చాడు. ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన అంకె కాదు. సోఫా గానీ తలుపు గానీ మంటల్లో ఎంత వేడి విడుదల చేస్తుందో తెలుసుకోవడానికి అగ్ని పరీక్షల ప్రయోగశాలలు పొగలో తగ్గిన ఆక్సిజన్‌ను కొలుస్తాయి. కాలుతున్నది ఏ రకం ప్లాస్టిక్కో, ఏ చెక్కో తెలియనక్కర్లేదు. మనిషి పీల్చి వాడుకున్న ఆక్సిజన్‌ను బట్టి శరీరం ఖర్చు పెట్టిన కేలరీలు కట్టే పద్ధతి కూడా ఇలాంటిదే.

మరి కిలో ప్రొపేన్ 50 మెగాజౌళ్లకు పైగా ఇస్తే కిలో ఇథనాల్ 30 దాకా మాత్రమే ఎందుకిస్తుంది, తేడా ఇంధనంలో ఉన్నట్టే కదా? ఉంది, కానీ మనం అనుకునే చోట లేదు. కిలో ప్రొపేన్ 3.64 కిలోల ఆక్సిజన్ పుచ్చుకుంటుంది, ఇథనాల్ 2.09 కిలోలు. వేడిలో ఉన్న తేడా దాదాపు ఈ నిష్పత్తిలోనే ఉంది. ఇథనాల్ అణువులో ముందే ఒక ఆక్సిజన్ పరమాణువు చేరి ఉంది, ఆ మేరకు అది ముందే మండినట్టు లెక్క. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద మైలేజీ గురించి వస్తున్న ఫిర్యాదులకు మూలం ఇదే. లీటరు ఇథనాల్ వేడి లీటరు పెట్రోల్ వేడిలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది కాబట్టి, మిశ్రమంలో ఆరేడు శాతం తగ్గుతుంది. ఇథనాల్‌కున్న అధిక ఆక్టేన్ సంఖ్యను వాడుకునేలా ఇంజిన్‌ను రూపొందిస్తే కొంత తిరిగి రాబట్టవచ్చు, పాత బండిలో అది కుదరదు. పిండిపదార్థం గ్రాముకు నాలుగు కేలరీలు, నూనె తొమ్మిది ఇవ్వడం వెనుకా ఉన్నది ఈ ఆక్సిజన్ లెక్కే.

ఈ సూత్రానికి లొంగని ఇంధనాలు లేకపోలేదు. వెల్డింగ్ షాపులో వాడే ఎసిటిలిన్ ఆక్సిజన్ మోల్‌కు 520 కిలోజౌళ్లు ఇస్తుంది. మూలకాల నుంచి అది తయారయ్యేటప్పుడే 227 కిలోజౌళ్లు లోపలికి తీసుకుంటుంది, ఆ అప్పు మంటలో తీరుస్తుంది. ఇక్కడ ఇంధనం వాటాను ఒప్పుకోవాల్సిందే. హైడ్రోజన్ 572 ఇస్తుంది, శుద్ధ కార్బన్ 393 దగ్గరే ఆగుతుంది. పెట్రోలియం ఇంధనాలు ఈ రెండు మూలకాల కలయిక కాబట్టే వాటి విలువలు మధ్యలో పడతాయి. ఇంకా గట్టి ప్రశ్న ఒకటుంది: శక్తి ఆక్సిజన్ వైపే ఉంటే గాలి తనంతట తాను ఎందుకు అంటుకోదు? గాలిలో దానికి దొరికే తోడు నైట్రోజన్. నైట్రోజన్ అణువులోని మూడు పేటల బంధం తెంచడానికి 945 కిలోజౌళ్లు కావాలి. రెండూ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అయితే వేడి రాకపోగా 180 కిలోజౌళ్లు ఎదురు పెట్టాలి. ఆక్సిజన్‌కు తన బలహీన బంధాన్ని వదిలి గట్టి బంధం వేసుకునే అవకాశం కావాలి. ఆ అవకాశం ఇచ్చేది ఇంధనం. వాటి తొలి బంధాలు తెంచేది అగ్గిపుల్ల.

ఆక్సిజన్ బరువు మనకు తెలియకపోవడానికి కారణం దాన్ని మనం మోయకపోవడం. గాలి లేని చోటికి వెళ్లే రాకెట్ మోయక తప్పదు. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 పై దశలో ద్రవ హైడ్రోజన్‌తో పాటు ద్రవ ఆక్సిజన్ కూడా ఉంటుంది. కిలో హైడ్రోజన్ పూర్తిగా మండాలంటే ఎనిమిది కిలోల ఆక్సిజన్ కావాలి. తేలికైన హైడ్రోజన్ కొంత మిగిలిపోతే బయటికి దూసుకొచ్చే వాయువు వేగం పెరుగుతుంది కాబట్టి, ఇంజనీర్లు కావాలనే కాస్త తక్కువ, సుమారు ఐదు కిలోల ఆక్సిజన్ ఇస్తారు. అలా తగ్గించినా ఆ దశలో నింపే సరుకు బరువులో ఆరింట ఐదు వంతులు ఆక్సిజనే.