భుజాలు తడుముకున్న వాడల్లా దొంగేనా?

ఇంట్లో 130 వుండే రక్తపు పోటు, ఆస్పత్రిలో డాక్టరు జబ్బకు పట్టీ చుట్టగానే 150కి ఎగబాకడం చాలామందికి అనుభవమే. పాపం ఆ రోగి అబద్ధమేమీ ఆడలేదు, నేరమూ చేయలేదు. తెల్లకోటును చూసి కాస్త బెదిరాడు, అంతే. 'లై డిటెక్టర్' అని పత్రికల్లో చదివే యంత్రం సంగతి తెలుసుకోబోయే ముందు ఈ చిన్న విషయం గుర్తు పెట్టుకోవాలి.

ఏదైనా పెద్ద నేరం జరిగి, పట్టుబడ్డవాడు నోరు విప్పడం లేదని వార్త రాగానే "ఆ యంత్రం ముందు కూర్చోబెడితే నిజం కక్కడా?" అంటూంటారు చాలామంది. అంత నమ్మకానికి ఆ యంత్రం తగునా?

యంత్రం కొలిచేదేమిటి?

దీని అసలు పేరు పాలిగ్రాఫ్. ఒకేసారి అనేక గీతలు గీసేది అని అర్థం. ఛాతీకి, పొట్టకు చుట్టిన గొట్టాలు శ్వాసను కొలుస్తాయి. జబ్బకు కట్టిన పట్టీ రక్తపు పోటును, నాడిని చూస్తుంది. వేళ్ళకు తగిలించిన రేకులు చెమటను పసిగడతాయి. 1921లో అమెరికాలోని బర్కిలీ పట్టణంలో జాన్ లార్సన్ అనే పోలీసు వుద్యోగి దీన్ని నేర పరిశోధనలో ప్రవేశపెట్టాడు. ఆయన శరీరధర్మశాస్త్రం చదువుకున్నవాడు. ఆనాడు కాగితం మీద పడిన గీతలు ఈనాడు కంప్యూటరు తెర మీద పడుతున్నాయి. కొలిచే వస్తువులు మాత్రం దాదాపు అవే.

మనకు భయం కలిగినా, కోపం వచ్చినా, సిగ్గు వేసినా సింపథెటిక్ నాడులు మేల్కొంటాయి. ఎడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది. పూర్వం అనుమానితుల చేత పొడి బియ్యం నమిలించి, ఎవరి నోట్లో బియ్యం తడవకపోతే వాడే దొంగ అని తేల్చేవారట. దానికీ దీనికీ మూలసూత్రం ఒక్కటే. చిక్కేమిటంటే, అబద్ధానికంటూ శరీరంలో ప్రత్యేకమైన గుర్తు ఏదీ లేదు. వీధి తలుపు గంట మోగినంత మాత్రాన వచ్చింది చుట్టమో, అప్పులవాడో చెప్పగలమా?

ప్రశ్నల్లో వున్న కిటుకు

ఈ చిక్కు పరీక్షకులకూ తెలుసు. అందుకే రెండు రకాల ప్రశ్నలు కలిపి అడుగుతారు. "ఆ గొలుసు మీరే తీశారా?" అన్నది ఒకటి. "ఇదివరకెప్పుడైనా పరాయి సొమ్ము ముట్టుకున్నారా?" అన్నది రెండోది. దొంగ మొదటి ప్రశ్నకు ఎక్కువగా అదురుతాడని, నిర్దోషి రెండో దానికి తటపటాయిస్తాడని వారి లెక్క. కాని వుద్యోగం, పరువు, ఒక్కోసారి ప్రాణం కూడా మొదటి ప్రశ్న మీదే ఆధారపడి వున్నప్పుడు నిర్దోషి గుండె మాత్రం వూరుకుంటుందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మనకుంది. బెదురు గుణం వున్న పెద్దమనిషి కూడా భుజాలు తడుముకుంటాడు. గుండె దిటవు గల గజదొంగ తడుముకోడు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

యంత్రం బొత్తిగా పనికిరానిదని నేననను. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో దీని మీద పెద్ద నివేదిక వెలువరించింది. ఫలానా నేరం గురించి అడిగినప్పుడు, పరీక్షను తప్పించుకునే శిక్షణ లేనివారిలో, గుడ్డి అంచనా కంటే ఇది బాగా మెరుగేననీ, అయితే పరిపూర్ణతకు చాలా దూరంలో వుందనీ తేల్చింది. అందులోనే ఒక లెక్క కట్టి చూపించారు. పదివేల మంది వుద్యోగుల్లో 10 మంది గూఢచారులు వున్నారనుకోండి. వారిలో 8 మందిని పట్టుకునేలా పరీక్షను బిగిస్తే, వారితో పాటు దాదాపు 1,600 మంది అమాయకులు కూడా దోషులుగా కనిపిస్తారు. ఇద్దరు గూఢచారులు మాత్రం దర్జాగా బయటికి నడుస్తారు!

ఇది వుత్త కాగితం లెక్క కాదు. అమెరికా గూఢచారి సంస్థలోనే వుంటూ రష్యన్లకు రహస్యాలు అమ్ముకున్న ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ ఈ పరీక్షకు కూర్చుని గట్టెక్కాడు. 1994లో గాని పట్టుబడలేదు. రాత్రి హాయిగా నిద్రపోయి, పరీక్షకుడితో స్నేహంగా మాట్లాడమన్నదే రష్యన్లు అతనికిచ్చిన సలహా.

మన చట్టం

మన సుప్రీంకోర్టు 2010 మే 5న, సెల్వి కేసులో, ఎవరికీ బలవంతంగా ఈ పరీక్ష చేయరాదని తీర్పు చెప్పింది. సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలి. న్యాయవాదిని సంప్రదించుకునే అవకాశం ఇవ్వాలి. ఇష్టపడి చేయించుకున్నా, ఆ ఫలితం ఒక్కటే సాక్ష్యంగా చెల్లదు.

కుటుంబాలకు నా సలహా

గొలుసు పోయిందని పనిమనిషినో, అనుమానం కలిగిందని భార్యనో భర్తనో ఇటువంటి పరీక్షకు రమ్మనకండి. డబ్బు తీసుకుని చేసిపెట్టే ప్రైవేటు వాళ్ళు కూడా వున్నారు. నింద పడ్డ మనిషి ముందే నిద్రాహారాలు లేక కుములుతూ వుంటాడు. పైన ఈ పరీక్షలో 'తప్పితే' ఆ మచ్చ తుడిచేందుకు మరో యంత్రం లేదు.

మీకే అటువంటి అవసరం వస్తే, వద్దనే హక్కు మీకుంది. ఒప్పుకుంటే మీ జబ్బులు, వాడే మందులు ముందే చెప్పండి. గుండె దడకు వాడే ప్రొప్రనలాల్ వంటి మాత్రలు నాడి వేగాన్ని తగ్గిస్తాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసేవారికి మామూలుగానే దడ, చెమట ఎక్కువ. పరీక్ష కోసమని ఏ మందూ సొంతంగా మానకండి. గుండెజబ్బు, ఉబ్బసం వున్నవారు, గర్భిణీలు తమ డాక్టరును అడగకుండా కూర్చోవద్దు.

ఇక పిల్లల మాట. "నా కళ్ళల్లోకి చూసి చెప్పు" అని గద్దించినప్పుడు పిల్లవాడు తడబడితే అబద్ధమాడాడనుకుని చెయ్యి చేసుకోకండి. భయపడ్డ పిల్లవాడు నిజం చెబుతూ కూడా తడబడతాడు. భయం పోగొట్టి, కాస్త ఆగి, మళ్ళీ అడగండి.