నమ్మకానికి పంక్చర్!

మూడు వారాలు... మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం... ఎండావానా, కొండాకోనా! టూర్ డి ఫ్రాన్స్‌ను మించిన కఠినమైన పోటీ లేదంటారు. అందులో గెలిచినవాణ్ని చూసి చప్పట్లు కొట్టాలా, అనుమానించాలా... అభిమానులకు ఎన్నేళ్లయినా తెగని చిక్కుముడి ఇదే.

అమెరికా సైక్లిస్టు ఫ్లాయిడ్ లాండిస్‌కు 1,765 మంది చందాలిచ్చారు. కొత్త సైకిల్ కొనుక్కోమని కాదు. విచారణలో పోరాడి, తాను తప్పు చేయలేదని నిరూపించుకోమని!

2006 టూర్‌లో జరిగిన కథ అది. జులై 19న ఆల్ప్స్ కొండల మీద లాండిస్ చతికిలపడ్డాడు. పొద్దున మొదటి స్థానంలో ఉన్నవాడు సాయంత్రానికి పదకొండో స్థానానికి జారిపోయాడు. ముందున్నవాడికీ అతడికీ తేడా ఎనిమిది నిమిషాలకు పైనే. ఇక అయిపోయిందనుకున్నారంతా. మర్నాడు అదే లాండిస్ గుంపును వదిలేసి వంద కిలోమీటర్లకు పైగా దూసుకుపోయి, అందరికన్నా ఐదు నిమిషాల ముందే మోర్జీన్ పట్టణం చేరుకున్నాడు. అప్పటికి అతడి తుంటి ఎముక దెబ్బతిని ఉంది. ఆ టూర్ అయిన రెండు నెలలకే ఆపరేషన్ చేసి తుంటి మార్చారు. అలాంటివాడు మూడు రోజుల తరవాత పారిస్‌లో విజేతగా పసుపు చొక్కా వేసుకుంటే ఎవరి కళ్లు చెమర్చవు?

ఆ సంబరం నాలుగు రోజులే. మోర్జీన్ చేరిన రోజున ఇచ్చిన మూత్ర నమూనాలో టెస్టోస్టెరాన్ లెక్క తేడాగా ఉందన్న కబురు జులై 27న బయటికొచ్చింది. లాండిస్ కాదు కూడదన్నాడు. ప్రయోగశాలదే తప్పన్నాడు. న్యాయపోరాటానికి నిధి పెట్టాడు. ఊరూరా తిరిగి తన గోడు చెప్పుకున్నాడు, పుస్తకం కూడా రాశాడు. అభిమానులు జేబులు తడుముకుని ఇచ్చారు. 2007లో తీర్పు అతడికి వ్యతిరేకంగా వచ్చింది. టైటిల్ రెండో స్థానంలో ఉన్న స్పెయిన్ ఆటగాడు ఆస్కార్ పెరీరోకు వెళ్లింది. 2008లో అప్పీలూ వీగిపోయింది. 2010లో లాండిస్ అసలు సంగతి ఒప్పుకున్నాడు... ఏళ్ల తరబడి ఉత్ప్రేరకాలు వాడానని! ఆ టూర్‌లో మాత్రం టెస్టోస్టెరాన్ ముట్టలేదని అప్పుడూ అన్నాడనుకోండి. నమ్మడానికి ఎవరు మిగిలారు?

దాతలను మోసం చేశాడన్న కేసులో 2012లో అతడు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చాడు. అందరికీ కలిపి 4.78 లక్షల డాలర్లు తిరిగివ్వాలన్నది షరతు. అభిమానానికి అణాపైసలతో లెక్కకట్టిన సందర్భం క్రీడల చరిత్రలో అరుదు.

టికెట్టు లేని ఆట

క్రికెట్ చూడాలంటే టికెట్టు కొనాలి. టూర్‌కు అదేమీ అక్కర్లేదు. రోడ్డు పక్కన నిలబడితే చాలు. ఆల్ప్స్, పిరనీస్ కొండ మలుపుల్లో మంచి చోటు కోసం జనం రోజుల ముందే వ్యాన్లలో వచ్చి మకాం వేస్తారు. పిల్లాపాపలతో, వంట సామానుతో... అచ్చం మన జాతర! వీరుడు చేతికందేంత దూరంలో వగరుస్తూ వెళ్తాడు. ఆ చెమట, ఆ బాధ కళ్లారా చూసినవాళ్లకు అదంతా సిరంజి మహిమ అంటే మనసొప్పదు. నిజం తెలిశాక వచ్చే కోపమూ అంత పెద్దదే.

నిజానికి ఈ జబ్బు కొత్తది కాదు. 1903లో మొదలైన ఈ పోటీలో తాము కొకైన్, క్లోరోఫాం వాడుతున్నామని పెలిసియే సోదరులు 1924లోనే పత్రికా రచయిత ఆల్బర్ట్ లాండ్రెకు చెప్పేశారు. 1967 జులై 13న బ్రిటన్ ఆటగాడు టామ్ సింప్సన్ మౌంట్ వాంటూ కొండ ఎక్కుతూ కుప్పకూలి చనిపోయాడు. అతడి చొక్కా జేబులో యాంఫెటమిన్ మాత్రలు దొరికాయి.

1990ల్లో వచ్చిన ఈపీఓతో కథ పూర్తిగా మారిపోయింది. రక్తహీనతతో బాధపడే కిడ్నీ రోగులకు, డయాలసిస్ చేయించుకునేవారికి వైద్యులు ఇచ్చే ఇంజెక్షనే అది. ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. కణాలు పెరిగితే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, కొండ తేలికవుతుంది. కానీ రక్తం చిక్కబడితే గుండెకే ముప్పు. దాన్ని మూత్రంలో పట్టుకునే పరీక్ష 2000 దాకా రాలేదు. అందుకని 1997లో ఒక నిబంధన పెట్టారు... రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే కొన్నాళ్లు పోటీకి దూరంగా ఉండాలని. ఇంకేముంది, దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. యాభై దాటకుండా చూసుకుంటే చాలన్నమాట!

1998 జులై 8న ఫెస్టినా జట్టు సహాయకుడు విల్లీ వోట్ కారును బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు ఆపితే ఈపీఓ, గ్రోత్ హార్మోన్ల నిల్వ బయటపడింది. జట్టు మొత్తాన్నీ ఇంటికి పంపారు. ఫ్రాన్స్ ముద్దుబిడ్డ రిచర్డ్ విరాంక్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. తనకేమీ తెలియదంటూ రెండేళ్లు బుకాయించి, 2000లో కోర్టులో ఒప్పుకున్నాడు. 1998 విజేత ఇటలీకి చెందిన మార్కో పంతానీ. మరుసటి ఏడాది ఇటలీ టూర్ చివరి రోజుల్లో రక్తపరీక్షలో 50 శాతం దాటి దొరికాడు. తరవాత కోలుకోలేదు. 2004 ఫిబ్రవరి 14న రిమినీలోని హోటల్ గదిలో కొకైన్ మత్తులో చనిపోయాడు. అప్పటికి అతడికి ముప్ఫై నాలుగేళ్లు.

పసుపు పట్టీ కట్టుకున్నవాళ్లు

ఇంత జరిగాక జనానికి ఓ దేవుడు కావాల్సి వచ్చింది. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దొరికాడు. 1996లో క్యాన్సర్, మెదడు దాకా పాకింది. దాన్ని జయించి 1999 నుంచి 2005 వరకు వరసగా ఏడుసార్లు టూర్ గెలిచాడు. 2004లో వచ్చిన అతడి ఫౌండేషన్ పసుపు రబ్బరు పట్టీ కోట్లలో అమ్ముడుపోయింది. కీమోథెరపీ చేయించుకుంటూ ఆ పట్టీ చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఎందరో. అతణ్ని అనుమానించడమంటే వాళ్ల ఆశను అనుమానించడమే అయ్యింది. అదే అతడి కవచం!

జట్టులో మసాజ్ చేసిన ఎమ్మా ఓరెలీ లోగుట్టు చెబితే ఆమె పరువు తీశాడు, కోర్టుకీడ్చాడు. సండే టైమ్స్ పత్రికపై దావా వేసి పరిహారం రాబట్టాడు. వందల పరీక్షల్లో ఒక్కసారీ దొరకలేదన్నది అతడి వాదన. చివరికి 2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ సహచరుల వాంగ్మూలాలతో సహా నివేదిక బయటపెట్టింది. ఏడు టైటిళ్లూ పోయాయి. వాటిని ఇంకెవరికీ ఇవ్వలేదు. రికార్డుల్లో ఆ ఏడేళ్లూ ఖాళీయే! 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రే ముందు కూర్చుని తప్పు ఒప్పుకున్నాడు. సండే టైమ్స్ తన డబ్బు తాను వెనక్కి తీసుకుంది. క్యాన్సర్ వార్డులో పట్టీ కట్టుకున్నవాళ్లకు మాత్రం వెనక్కిచ్చేదేముంది?

పాపం ఒకరిది...

ఇప్పుడు పద్ధతులు మారాయి. 2008 నుంచి ప్రతి ఆటగాడి రక్తం లెక్కలనూ ఏళ్ల తరబడి నమోదు చేసే 'బయోలాజికల్ పాస్‌పోర్ట్' ఉంది. మందు దొరక్కపోయినా, అది శరీరంలో తెచ్చిన మార్పు దొరుకుతుంది. అయినా అనుమానం పోలేదు. 2015లో పసుపు చొక్కాలో ఉన్న క్రిస్ ఫ్రూమ్‌పై ఒక ప్రేక్షకుడు 'డోపింగ్‌గాడా' అంటూ కప్పుతో మూత్రం పోశాడట. ఆ మాట ఫ్రూమే చెప్పాడు. ఆ టూర్‌లో అతడు ఏ పరీక్షలోనూ దొరకలేదు. ఎవరో చేసిన పాపానికి శిక్ష ఎవరికో!

2023లో డెన్మార్క్ ఆటగాడు యోనాస్ వింగెగార్డ్‌ను విలేకరులు నిలదీశారు. అతడు కోప్పడలేదు. అనుమానించడం సహజమేనన్నాడు. తన కూతురికి ఇవ్వలేనిది ఏదీ తానూ తీసుకోనన్నాడు. 2024లో స్లొవేనియా కుర్రాడు తాదే పొగాచర్ ప్లాటో డి బెయ్ కొండపై పంతానీ పేరిట 1998 నుంచి ఉన్న రికార్డును మూడు నిమిషాలకు పైగా తేడాతో చెరిపేశాడు. తేలికైన సైకిళ్లు, గాలిని చీల్చే దుస్తులు, గంటగంటకూ కొలిచి పెట్టే తిండి... కారణాలు చాలానే చెబుతారు నిపుణులు. పొగాచర్ ఎప్పుడూ పరీక్షలో దొరకలేదు. కానీ ఈపీఓ రోజుల నాటి రికార్డే చెరిగిపోతే గుండెలో ఎక్కడో కలుక్కుమనని అభిమాని ఉండడు.

అయినా రోడ్ల పక్కన జనం తగ్గలేదు. 2025లో టూర్ మళ్లీ మౌంట్ వాంటూ ఎక్కింది. శిఖరానికి కాస్త దిగువన, సింప్సన్ పడిపోయిన చోట, ఒక స్మారక శిల ఉంది. అతడి జేబులో ఏం దొరికిందో తెలిసినవాళ్లే ఏటా సైకిళ్ల మీద ఆ కొండెక్కుతూ అక్కడ ఆగుతారు. నీళ్ల సీసానో, నెత్తిమీది టోపీనో ఆ రాతి దగ్గర పెట్టి, మళ్లీ పెడల్ మీద కాలు మోపుతారు.