అంజూర గింజ ఎందుకు తేలింది?

మా చోరనూరు సండూరు తాలూకాలో ఉంది, బళ్ళారి జిల్లా. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. రెండూ ఒకే మాటలో కలిసిపోయినా ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. బయటివాళ్ళకు సండూరు అనగానే ఇనుప ఖనిజం, ఎర్రదుమ్ము, లారీలు గుర్తుకొస్తాయి. బళ్ళారి అనగానే ఎండ. ఆ ఎండే కావాలనే చెట్టు ఒకటుంది పిల్లలూ, అదే అంజూర. పండు మాగే వేళకు గాలిలో తేమ లేకుండా, వాన పడకుండా ఉంటే చాలు, దానికి పండగే. 'ఒక జిల్లా ఒక ఉత్పత్తి' పథకంలో బళ్ళారి జిల్లాకు ఎంచిన పంట కూడా ఇదే.

మా మనవరాలికి పండు చేతికిస్తే తినదు, ముందు ప్రశ్న వేస్తుంది. "తాతా, మామిడిలో బంగినపల్లి, నీలం, తోతాపురి, రుమాని అని ఇన్నున్నాయి కదా! అంజూరలో ఒకటే రకమా?" అంది. పాప అడిగిందాంట్లో తప్పులేదు. మన సంతలో తాజా అంజూర అంటే ఒకే తీరు: ఊదా కలిసిన గోధుమరంగు తొక్క, లోపల గులాబీ గుజ్జు. తోటలోకి వెళ్ళినా అంతే. ఈ చెట్టు కాయకూ ఆ చెట్టు కాయకూ తేడా పట్టలేం.

కానీ లోకంలో అంజూర రకాలు తక్కువేం కాదు. కాలిఫోర్నియాలో ఐరా కాండిట్ అనే ఆయన బతుకంతా ఈ పండు వెంటే తిరిగి, 1955లో రకాల వివరాలతో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో 600కు పైగా రకాలున్నాయి. తొక్క ఆకుపచ్చగా, పసుపుగా, గోధుమగా, ఊదాగా, కాటుక నలుపుగా ఉంటుంది. గుజ్జు తెలుపు నుంచి తేనె రంగు దాకా, గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా. ఒకటి గుండ్రం, ఒకటి బల్లపరుపు, ఒకటి మెడ సాగి తొడిమ వైపు సన్నబడేది. కొన్ని పదిహేను గ్రాములు తూగితే గొప్ప, కొన్ని వంద దాటతాయి. ఆకుకు మూడు తమ్మెలో, అయిదో, ఏడో. ఇంకా ఒకటుంది, రైతు మొదట చూడవలసింది: పండు అడుగున ఉండే కన్ను. అది బిగుతుగా మూసుకున్న రకంలోకి ఈగలు, పురుగులు దూరవు. విప్పారి ఉంటే లోపల పులిసిపోతుంది. ఇలాంటి లక్షణాలన్నీ ఎలా కొలవాలో, ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ పట్టిక 2003లో వచ్చింది. ఏ దేశంలో కొలిచినా ఒకే పద్ధతి ఉండాలని.

మరి మన దగ్గర ఒకటే తీరు ఎందుకు? దానికి జవాబు గింజలో ఉంది. ఇంట్లోనే చూడొచ్చు.

బాగా మాగిన బళ్ళారి అంజూరను నిలువుగా కోయండి. పచ్చికాయ ముట్టుకోవద్దు, తొడిమ దగ్గర పాలు కారి చేతికంటితే దురద. ఆ చోటికి ఎండ తగిలితే బొబ్బ కూడా లేస్తుంది. కోసిన పండులో మనం గుజ్జు అనుకునేదంతా పువ్వులే. పూలగుత్తిని లోపలికి తిప్పి సంచి మూతి బిగించినట్టు కట్టింది చెట్టు. అందుకే అంజూర పూత పూయడం ఎవరికీ కనబడదు. ఇప్పుడు ఆ గుజ్జును చెంచాతో గీకి, జల్లెడలో కడిగి, గింజలను గ్లాసెడు నీళ్ళలో వేయండి. తేలతాయి. మా అల్లుడు తెచ్చిన టర్కీ ఎండు అంజూరను నానబెట్టి అదే పని చేశాం. గింజలు మునిగాయి. పంటికింద వేసి చూడమన్నాను పాపను. మునిగినవి కటుక్కుమని నువ్వుల రుచి ఇచ్చాయి. తేలినవి చిట్లాయి గానీ లోపల పప్పు లేదు, ఉత్త పెంకు.

పప్పు కట్టాలంటే పువ్వుకు పుప్పొడి అందాలి. అంజూరకు దాన్ని మోసేది తేనెటీగ కాదు, రెండు మిల్లీమీటర్ల కందిరీగ. బ్లాస్టోఫాగా సేనెస్ అని దాని పేరు. అది మగ చెట్టు కాయలో పుట్టి, ఒంటినిండా పుప్పొడితో బయటికి వచ్చి, కన్ను గుండా ఇంకో కాయలోకి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు ఊడిపోతాయి. దూరింది ఆడ చెట్టు కాయలోకైతే దానికి చావే. అక్కడి పువ్వుల కీలాలు పొడుగు, గుడ్డుపెట్టే సూది అండాశయం దాకా అందదు. గుడ్లు పెట్టలేక, బయటికి రాలేక చస్తుంది. పువ్వులకు మాత్రం పుప్పొడి అందుతుంది. చచ్చిన కందిరీగను పండులోని ఫిసిన్ అనే ఎంజైము చాలామటుకు కరిగించేస్తుంది. (మా ఇంటావిడ ఏకాదశికి టర్కీ ఎండు అంజూర తింటుంది. ఈ పేరా ఆమెకు చదివి వినిపించకండి.)

మేడిపండు విప్పితే పురుగులుంటాయని వేమన చెప్పింది మీ వాచకంలో ఉంటుంది. ఆ పురుగులూ ఈ వంశంవే. అయితే మేడి కందిరీగ వేరు, మర్రిది వేరు, రావిది వేరు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. మన చుట్టూ ఇన్ని మేడి చెట్లున్నా, వాటి కందిరీగలు అంజూర జోలికి రావు. అంజూర కందిరీగ మన దక్కనులో లేదు.

అది లేకపోయినా కాయ నిలిచి పండే రకాలు కొన్ని ఉన్నాయి. బళ్ళారిది, పుణెది ఆ జాతివే. వీటిని మామూలు రకాలంటారు. స్మిర్నా అని ఇంకో తరగతి ఉంది, వాటికి పుప్పొడి అందకపోతే కాయ రాలిపోతుంది. సాన్ పెద్రో అని మధ్యరకం ఇంకొకటి: పాత కొమ్మ మీద వచ్చే మొదటి కాపుకు కందిరీగ అక్కర్లేదు, కొత్త కొమ్మ మీద వచ్చే రెండో కాపుకు కావాలి. నాలుగోది మగ చెట్టు, దాని కాయ మనం తినం. ఈ మగ ఆడ తేడా వెనక రాన్-1 అనే జన్యువు ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2017లో హోరైషి అనే రకం జన్యుపటం తయారుచేసి చూపించారు.

ఈ కందిరీగ సంగతి తెలియక కాలిఫోర్నియా రైతులు పడ్డ పాట్లు చెప్పాలి. 1880లలో వాళ్ళు స్మిర్నా నుంచి, అంటే ఇప్పటి ఇజ్మీర్ నుంచి, వేల కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా వచ్చాయి. కాయలు మాత్రం పిందెలప్పుడే వాడి రాలాయి. టర్కీవాళ్ళు పనికిరాని కొమ్మలు అంటగట్టారని తిట్టుకున్నారు. మగ కాయలు తెచ్చి చెట్టుకు వేలాడదీయాలని ఎవరైనా అంటే మూఢనమ్మకమని కొట్టిపారేశారు. అరిస్టాటిల్ కాలానికే గ్రీకులకు తెలిసిన పని అది! 1890లో ఫ్రెస్నో దగ్గర జార్జ్ రోడింగ్ తోటలో పుప్పొడిని చేత్తో కాయల్లోకి ఎక్కించి చూశారు. ఆ కాయలు నిలిచాయి. ఆ తరవాత 1899లో శాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్ అల్జీరియా నుంచి పంపిన మగ కాయల్లోని కందిరీగలు రోడింగ్ తోటలో స్థిరపడ్డాయి. రోడింగ్ ఆ పండుకు కాలిమిర్నా అని పేరు పెట్టాడు. టర్కీలో దాని పేరు సారిలోప్. చెట్టు అదే.

ఇక పాప ప్రశ్నకు వద్దాం. మీ ఊళ్ళో గోడ పగుల్లో రావి మొలుస్తుంది, జువ్వి మొలుస్తుంది. గుడి గోపురం మీద మర్రి మొలుస్తుంది. అంజూర మొలవడం ఎక్కడైనా చూశారా? ఇటలీలో, గ్రీసులో పాత గోడల నిండా అంజూరే. పక్షి తిన్న గింజలో అక్కడ పప్పు ఉంటుంది మరి. అలా మొలిచిన ప్రతి మొక్కా కొత్త కలయిక, ఎక్కువ వాటివి తినడానికి పనికిరావు. వెయ్యింటిలో ఒకటి బాగుంటే రైతు దాని కొమ్మ విరిచి ఇంటి దగ్గర నాటుకున్నాడు. ఆ 600 చిల్లర రకాల్లో చాలా భాగం ఇలా వచ్చినవే. మన దగ్గర కందిరీగ లేదు, పప్పున్న గింజ లేదు, కొత్త మొలక లేదు. ఉన్నదల్లా కొమ్మ నుంచి కొమ్మ. తోటలో వెయ్యి చెట్లున్నా అవన్నీ జన్యువుల లెక్కలో ఒకే చెట్టు.

కొమ్మ నాటడం మనిషికి చాలా పాత విద్య. జోర్డాన్ లోయలో గిల్గాల్ అనే చోట తవ్వకాల్లో దొరికిన కాలిన అంజూరలు తొమ్మిది, దాదాపు 11,400 ఏళ్ళ కిందటివి. వాటి గింజల్లోనూ పప్పు లేదని, కాబట్టి ఆ చెట్లను మనుషులే కొమ్మలతో పెంచి ఉంటారని 2006లో ముగ్గురు పరిశోధకులు రాశారు. గోధుమ సాగు కంటే ముందే అన్నమాట. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడిచింది. నాకైతే ఆ వాదనలో వాళ్ళ వైపే మొగ్గాలనిపిస్తుంది. మన బళ్ళారి గింజను నీళ్ళలో వేసి చూసినవాడికి అలాగే అనిపిస్తుంది.

కొమ్మలతోనే పెంచినా అరుదుగా కొత్తది పుడుతుంది. ఒక మొగ్గలో జన్యువు మారితే ఆ కొమ్మ వరకు వేరే కాయ కాస్తుంది. ఫ్రెంచివాళ్ళ పానాషే చూడండి: ఆకుపచ్చ మీద పసుపు నిలువు చారలు, లోపల ఎర్రగుజ్జు. చారలున్న కొమ్మనే చూసి నాటాలి. చెట్టు అప్పుడప్పుడు చారలు వదిలేసి ఉత్త ఆకుపచ్చ కాయలు కాస్తుంది.

పేర్లను చూసి మాత్రం మోసపోకండి. అమెరికాలో డేవిస్ దగ్గరి సేకరణలోని 194 అంజూర చెట్లను డి.ఎన్.ఎ.తో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. డి.ఎన్.ఎ.లో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది రకాన్నిబట్టి మారుతుంది. అలాంటి చోట్లు 15 తీసుకుని పోల్చారు. ఒకే రకం వేరువేరు పేర్లతో తిరుగుతున్న సందర్భాలు 32 బయటపడ్డాయి. ఇటలీ దొట్టాటోనే అమెరికాలో కడోటా అంటారు. దీనికి తలకిందులైనది కూడా ఉంది: బ్రౌన్ టర్కీ అని ఇంగ్లండులో అమ్మేది, కాలిఫోర్నియాలో అమ్మేది ఒకటి కావు. చెట్లను పోలికలనుబట్టి గుంపులుగా విడదీసి చూస్తే ఇంకో సంగతి తేలింది. చెట్టుకూ చెట్టుకూ తేడాలు బాగానే ఉన్నా, గుంపుకూ గుంపుకూ తేడా తక్కువ. మొత్తం వైవిధ్యంలో దాదాపు 85 శాతం గుంపుల లోపలే ఉంది. మధ్యధరా ఊళ్ళ వాళ్ళు వేల ఏళ్ళుగా కొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడమే దీనికి కారణమై ఉండాలి. తుర్క్‌మెనిస్తాన్ అంజూరలు మాత్రం కాస్త ఎడంగా నిలిచాయి.

పేర్ల సంగతి అలా ఉంచితే, కంటికి కనబడే తేడా అంతా కూడా జన్యువులది కాదు. పుణె పక్క పురందర్ తాలూకా అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి రైతులు ఒకే చెట్టు నుంచి వానాకాలం కాపును ఖట్టా బహార్ అని, ఎండాకాలం కాపును మీఠా బహార్ అని వేరుగా చూస్తారు. ఒకటి పులుపు, ఒకటి తీపి. చెట్టు మారలేదు, కాలం మారింది. మా వైపు కూడా వానలో మాగిన పండు పగిలి చప్పబడుతుంది. శ్రీరంగపట్నం పక్కన గంజాం అంజూర, దౌలతాబాద్ అంజూర, బళ్ళారి, పుణె అని చెప్పుకుంటాం. ఊరి పేరు పెట్టినంత మాత్రాన రకం వేరైపోదు. కాలిఫోర్నియాలో సంకరం చేసి తీసిన కొనాడ్రియా, డయానా మాత్రం నిజంగా కొత్తవి. డయానా పండు పెద్దది, పసుపు పచ్చన.

ఒకే చెట్టును వెయ్యిచోట్ల నాటితే సులువు ఉంది: కాయంతా ఒక తీరు, బేరం సులువు. చిక్కూ అక్కడే. అంజూరకు తుప్పు తెగులు వస్తుంది. ఆకు అడుగున గోధుమరంగు పొడి లేచి ఆకులు రాలిపోతాయి. ఒక చెట్టుకు తట్టుకునే శక్తి లేదంటే తోటలో దేనికీ లేనట్టే. మందు కొడితే ఆ ఏడాది గట్టెక్కుతాం. తట్టుకునే రకం కావాలంటే ఎక్కడో అది బతికి ఉండాలి. మన వైపు అలాంటివి ఉంటే గింటే పాత ఇళ్ళ పెరళ్ళలోనే ఉంటాయి, తోటల్లో కాదు.

కాబట్టి మీ అవ్వగారి ఇంట్లోనో, మసీదు ఆవరణలోనో, పాత బంగళాలోనో సంతలో దొరకని రంగు అంజూర కనబడితే, చెట్టు కొట్టకముందే అడగండి. గింజ దాచుకుంటే లాభం లేదు, అది తేలే గింజ. ఆకు రాల్చి ఉన్న రోజుల్లో, డిసెంబరు, జనవరిలో, పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, సగం పైగా మట్టిలో పాతి నీడలో పెట్టండి. ఒకటి మీకు, ఒకటి పక్కింటికి, ఒకటి దగ్గరి ఉద్యాన శాఖ ఆఫీసుకు. మీద ఊరి పేరు, కాయ రంగు రాసిన చీటీ కట్టడం మరిచిపోకండి.