డబ్బాలో చోటుంది... పద్యానికి లేదు!

"ఇందులో ఎన్ని పాటలు పడతాయండీ?"

పాటల ప్లేయరు కొనడానికి వెళ్ళిన ఎవరైనా మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. షాపతను డబ్బా తిప్పి చూపిస్తాడు. 32 జీబీ! "పదివేల పాటలు పడతాయి సార్. రోజూ విన్నా ఏడాదికి తరగవు" అంటాడు. అతను అబద్ధమేమీ చెప్పడం లేదు. లెక్క ప్రకారం పడాల్సిందే. కాకపోతే లెక్కలు రెండున్నాయన్న సంగతి మాత్రం డబ్బా మీద ఉండదు. ఒకటి చోటు లెక్క. రెండోది శాల్తీల లెక్క. ఈ రెండో లెక్క దగ్గరే మన తెలుగు పాటకి, మరీ ముఖ్యంగా పద్యానికి, అన్యాయం జరిగిపోతోందని నా ఫిర్యాదు. ఎలాగో మనవి చేస్తాను.

నిమిషాలతో కొలిచిన రోజులు

పాటకి హద్దు ఉండటం కొత్త సంగతేమీ కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల రికార్డు మీద ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. పాట అంతకన్నా పెద్దదైతే ఒక చరణం ఎగిరిపోయేది, లేదా సగం పాట ఒక వైపు, సగం రెండో వైపు పడేది. నాటకాలైతే కట్టలు కట్టలుగా సెట్లు వచ్చేవి. ముల్లు ఎత్తి, రికార్డు తిప్పి, మళ్ళీ ముల్లు పెడితే గాని కథ ముందుకు నడిచేది కాదు.

1948లో ఎల్.పి. రికార్డు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పట్టసాగింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఇంటింటికీ చేరిందంటే ఆ ఎల్.పి. చలవే. ఘంటసాలగారి భగవద్గీత కూడా అలా వచ్చిందే. ఏడువందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరి పాడారాయన. 1974లో ఆయన పోయాక అది విడుదలైంది.

తర్వాత కాసెట్టు. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా మన ఊళ్ళలో రాజ్యమేలిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 60 నిమిషాలది, 90 నిమిషాలది. రికార్డింగు షాపులో పాటల జాబితా రాసిచ్చి రెండ్రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆ షాపువాళ్ళకి ఒక అలవాటుండేది. పాటలన్నీ ఎక్కించాక ఒక వైపు చివర నిమిషం టేపు మిగిలిందనుకోండి, దాన్ని ఊరికే పోనిచ్చేవారు కాదు. అందులో ఒక పద్యం ఇరికించేవారు. పద్యం చిన్నది కదా! మిగిలిన చోట్లో సర్దుకునేది. కాసెట్టు కాలంలో పద్యం కొసరు అన్నమాట.

ఈ కొసరు సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీనితో ముందు పనుంది.

జేబులో వెయ్యి పాటలు

1979లో సోనీ వారి వాక్‌మన్ పాటని నడుముకి తగిలించింది. 1998లో ఎంపీ3 ప్లేయర్లు బజారుకొచ్చాయి. కొరియా వారి ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ కంపెనీ రియో ఆ ఏడాదివే. రెంటిలోనూ మొదట ఉన్న చోటు 32 మెగాబైట్లు. మామూలు నాణ్యతలో, అంటే 128 కిలోబిట్ల వేగంతో, నిమిషం పాటకి ఇంచుమించు ఒక మెగాబైటు కావాలి. కాబట్టి ఆ ప్లేయరులో పట్టేది అరగంట పాట. కాసెట్టు ఒక వైపు పాటి!

2001 అక్టోబరులో ఐపాడ్ వచ్చింది. 5 జీబీ. "మీ జేబులో వెయ్యి పాటలు" అని ప్రకటన. ఆ ఒక్క మాటతో ప్రపంచం కొలత మార్చేసింది. అంతవరకూ నిమిషాలతో కొలిచిన పాటని అప్పట్నుంచీ ఎన్ని అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 2005లో వచ్చిన చిన్న ఐపాడ్ షఫుల్‌కి 120 పాటలన్నారు. ఆ తర్వాతి 160 జీబీ ఐపాడ్‌కి 40,000 అన్నారు. ఈ అంకెలన్నీ పాట అంటే నాలుగు నిమిషాలనుకుని వేసిన అంచనాలు. మన పద్యం నాలుగు నిమిషాలుంటుందా? రాగాలాపన తీసినా నిమిషం. తీయకపోతే అరనిమిషం!

ఐపాడ్ తయారీని 2022లో ఆపేశారు. అయినా బొత్తాలున్న చిన్న ప్లేయర్లు, కార్లలో స్టీరియోలు, పెన్‌డ్రైవు పెట్టుకునే స్పీకర్లు ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి. ఫోనులో వేలు పెట్టి గీకడం చేతకాని పెద్దవాళ్ళకి అవే దిక్కు.

కాటికి పోకముందే మాయమైన హరిశ్చంద్రుడు

మా పెదనాన్నగారు అలాంటి పెద్దమనిషి. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో రిటైరైన పంతులుగారు. ఎనభై దాటాయి. చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. నాటకాల పిచ్చి. రికార్డుల మీదా, కాసెట్ల మీదా దాచుకున్న పద్యాలన్నిటినీ ఆయన మనవడు కంప్యూటరులోకి ఎక్కించి, ఏ పద్యానికాపద్యం విడగొట్టి పెట్టాడు. సినిమా పాటలు 2,900. భజనలు, కీర్తనలు 600. పద్యాలు 1,700. మొత్తం 5,200. చోటు చూస్తే అన్నీ కలిపి పద్నాలుగు జీబీ దాటలేదు. అందులో పద్యాల వాటా జీబీన్నర లోపే.

32 జీబీ ప్లేయరు తీసుకెళ్ళి, వరసగా పాటలు, భజనలు, పద్యాలు ఎక్కించి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఫోను.

"ఏరా అబ్బాయ్, హరిశ్చంద్రుడు కాటికి పోకముందే మాయమయ్యాడేంట్రా? నక్షత్రకుడి దగ్గరే ఆగిపోయింది!"

"అన్నీ ఎక్కించాను పెదనాన్నా, చూడండి."

"చూట్టానికి నాకు కళ్ళెక్కడివిరా? వినపడట్లేదంటున్నాను!"

వెళ్ళి చూశాను. పద్యాలన్నీ కార్డులో భద్రంగానే ఉన్నాయి. కంప్యూటరుకి తగిలిస్తే కనబడుతున్నాయి. ప్లేయరులో పెడితే మాత్రం సరిగ్గా 4,000 దగ్గర జాబితా ఆగిపోతోంది. పద్యాల్లో మొదటి 500 ఉన్నాయి. మిగిలిన 1,200 లేవు. సగానికి పైగా చోటు ఖాళీ! కంపెనీ వారికి ఫోను చేస్తే, "బుక్కులో రాశాం కదండీ" అన్నారు. నిజమే, రాశారు. ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ సంఖ్య డబ్బా మీద ఉంటే వేరే ప్లేయరు కొనేవాణ్ణి.

గోదాములో చోటుంటే చాలదు

ఎందుకిలా జరుగుతుంది? కిరాణా కొట్టుతో పోల్చి చూడండి. గోదాము నిండా చోటుంది. కానీ సరుకు రాసుకునే చిట్టాలో పేజీలు అయిపోయాయి. చిట్టాలో ఎక్కని సరుకు ఉన్నా లేనట్టే. గుమాస్తా దాన్ని తీసివ్వలేడు.

ప్లేయరు కూడా అంతే. కార్డు పెట్టగానే అది పాటల చిట్టా కట్టుకుంటుంది. పాట పేరు, పాడినవారు, సినిమా, కార్డులో ఎక్కడుందో గుర్తు... ఒక్కో పాటకి 250 బైట్లు అనుకుందాం. 4,000 పాటలకి పది లక్షల బైట్లు, అంటే ఒక మెగాబైటు. 32 జీబీ ముందు అదెంత అంటారేమో! చిట్టా కార్డు మీద కాదు, ప్లేయరు సొంత జ్ఞాపకంలో ఉండాలి. చవక ప్లేయర్లలో ఆ జ్ఞాపకం మరీ కురచ. కాబట్టి కంపెనీవారు ఏదో ఒక సంఖ్య దగ్గర గీత గీసేస్తారు.

ఆ గీతలు కూడా ఊరికే పుట్టలేదు. ఫోల్డర్లు 255 దాటకూడదని చాలా యంత్రాల పుస్తకాల్లో ఉంటుంది. ఎనిమిది బిట్లతో లెక్కపెట్టగలిగిన పెద్ద సంఖ్య అదే. 999 అని ఉందంటే, తెరమీద మూడంకెల గడులే ఉన్నాయని ఊహించుకోవచ్చు. 65,535 అంటే పదహారు బిట్ల హద్దు.

పేర్ల పొడుగుతో మరో చిక్కుంది. 2 జీబీ లోపు పాత కార్డుల్లో, ఏ ఫోల్డరూ లేకుండా నేరుగా పెట్టే వాటికి 512 వరసలే ఉంటాయి. పొడుగు పేరులో ప్రతి పదమూడు అక్షరాలకీ ఒక వరస, ఆ పైన పొట్టి పేరుకి ఇంకో వరస ఖర్చవుతాయి. ముప్పై అక్షరాల పేరుంటే నాలుగు వరసలు పోతాయి. అంటే 128 పాటలకే సరి! పద్యానికి పేరెలా పెడతాం? ఎత్తుగడ మొత్తం రాస్తాం, పాడినవారి పేరు రాస్తాం, నాటకం పేరు రాస్తాం. పద్యం కన్నా పేరే పొడుగు.

ఇక తెలుగు లిపిలో రాద్దామంటే అదో కథ. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. ఘంటసాలగారి పేరు ఇంగ్లీషులో రాస్తే పది బైట్లు, మన లిపిలో రాస్తే పద్దెనిమిది! ఎంపీ3 పాటకి తగిలించే పాతరకం చీటీలో పేరుకి ఇచ్చిన చోటు ముప్పై బైట్లే. ఇంత చేసీ, ప్లేయరులో తెలుగు అక్షరాలు లేకపోతే తెరమీద కనబడేవి ఖాళీ డబ్బాలు.

లవకుశకి ముప్పై, సుప్రభాతానికి ఒకటి

ఇప్పుడు కాసెట్టు నాటి కొసరు సంగతికి వద్దాం.

1963లోనే విడుదలైన లవకుశ తీసుకోండి. పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. విడివిడిగా ఎక్కిస్తే ఆ ఒక్క సినిమాకే ముప్పై శాల్తీలు పైన ఖర్చు. అదే ఏటి సుప్రభాతం ఇరవై నిమిషాల పాటిది. దానికి ఒకే శాల్తీ! నిమిషాలతో కొలిచిన కాలంలో పద్యం అన్నిటికన్నా చవక. ఎన్ని అని లెక్కపెట్టే కాలంలో అదే అన్నిటికన్నా ఖరీదు. ముప్పై సెకన్ల పద్యమూ ఒకటే, ముప్పై నిమిషాల హరికథా ఒకటే. నిన్నటి కొసరు ఇవాళ బరువైపోయింది.

ఈ లెక్క కట్టినవాళ్ళకి పద్యం మీద కోపమేమీ లేదు. వాళ్ళకి పద్యమంటే ఏమిటో తెలియదు, అంతే. పాటంటే మూడు నాలుగు నిమిషాలుంటుందని అనుకున్నారు. రంగస్థలం మీద రాగం తీసి, జనం చేత "వన్స్ మోర్" అనిపించుకుని, మళ్ళీ అదే పద్యం పాడే దేశం ఒకటుందని వాళ్ళకెవరు చెప్పాలి?

ఫోనుల్లో ఈ బాధ లేదు కదా అంటారు. ఇంటర్నెట్టుతో పాటలు వినిపించే సంస్థలకీ హద్దులున్నాయి. స్పాటిఫై వారు 2018లో ఒక్కో పరికరంలో దింపుకునే పాటల హద్దుని 3,333 నుంచి 10,000కి పెంచారు. వాళ్ళదీ శాల్తీల లెక్కే.

పద్యాలకి గుచ్చెత్తు

పెదనాన్నగారి ప్లేయరుకి నేను చేసిన మందు చెబుతాను. మీకూ పనికొస్తుంది.

పద్యాలు విడివిడిగా కాకుండా, రంగం ప్రకారం గుచ్చెత్తాను. కాటిసీను ఒక శాల్తీ. రాయబారం ఒక శాల్తీ. ఎంపీ3లని మళ్ళీ కుదించకుండానే అతికించే ఉచిత సాఫ్టువేర్లున్నాయి, నాణ్యత తగ్గదు. 1,700 పద్యాలూ 140 శాల్తీలయ్యాయి. మిగిలినవన్నీ కలిపినా 3,640. గీత లోపలే!

పేర్లు పొట్టిగా పెట్టండి, ముందు 001, 002 అని అంకె వేయండి. చాలా చవక ప్లేయర్లు అక్షర క్రమం చూడవు, ఎక్కించిన వరసలోనే పాడతాయి. అందుకని ముఖ్యమైనవి ముందు ఎక్కించండి. ఆపిల్ కంప్యూటరు నుంచి ఎక్కిస్తే చుక్క, అడుగుగీతతో మొదలయ్యే దొంగ ఫైళ్ళు కూడా చేరతాయి. కొన్ని ప్లేయర్లు వాటినీ లెక్కపెడతాయి. తీసేయండి. విడి పద్యాల అసలు ప్రతి మాత్రం కంప్యూటరులో అట్టే పెట్టుకోండి.

ఇందులో నష్టం లేకపోలేదు. కావలసిన పద్యం దగ్గరికి నేరుగా వెళ్ళలేం. బొత్తాం నొక్కిపట్టి ముందుకి జరపాలి. "ఒక్క పద్యం కోసం ఇంత దూరమా?" అని నేనంటే పెదనాన్నగారు నవ్వారు. "ఒక్క పద్యం వినేదేంట్రా? సీను మొత్తం వినాలి. చంద్రమతి ఏడవకుండా హరిశ్చంద్రుడి మాటకి విలువేముంది?" అన్నారు.

నా బాధ వేరు. రికార్డు కంపెనీవారు చరణం కోసేస్తే, కోశారని సినిమా చూసినవాడికి తెలిసేది. కాసెట్టు అయిపోతే టక్కుమని ఆగేది. ఇప్పుడు ఎవరూ కోయరు, ఏదీ ఆగదు. నాలుగువేల ఒకటో పద్యం చప్పుడు లేకుండా జాబితాలోంచి తప్పుకుంటుంది. వినేవాడు పెదనాన్నగారిలా నాటకం కంఠతా వచ్చినవాడైతే ఫోను చేసి అడుగుతాడు. ఆ తరం దాటిపోయాక, ఫలానా పద్యం లేదేమని అడగడానికి అది ఉందన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

అందుకే తయారీదారులకు నా విన్నపం ఒక్కటే. 32 జీబీ అని డబ్బా మీద వేసినంత పెద్ద అక్షరాల్లోనే, పక్కన ఆ రెండో అంకె కూడా వేయండి. హద్దు పెట్టినందుకు మిమ్మల్ని ఎవరూ తిట్టరు. మూడు నిమిషాల రికార్డులో ఒదిగి బతికిన జాతి మాది. హద్దెక్కడుందో చెబితే చాలు, ఎలా సర్దుకోవాలో మాకు తెలుసు.