ఏడో తరగతికి ఎమ్మిగనూరు నూలు

నలభయ్యో నంబరు నూలు ఒక పౌను తీసుకుని, పోగు తెగకుండా విప్పుకుంటూ పోతే ఎంత దూరం వస్తుంది? కర్నూలు జిల్లా ఆదోనిలో మొదలుపెడితే ఎమ్మిగనూరు దాకా వస్తుంది. ఇది అతిశయోక్తి కాదు, ఏడో తరగతి లెక్క. పౌను నూలులో ఎన్ని చిలపలు తూగితే అదే ఆ నూలు నంబరు. చిలపకు 840 గజాలు. నలభై చిలపలంటే 33,600 గజాలు, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. పౌనంటే అరకిలో కూడా లేదు, 454 గ్రాములు. అదే బరువులో ఎనభయ్యో నంబరు నూలు తీసుకుంటే పొడవు రెట్టింపవుతుంది, గజం బరువు సగమవుతుంది.

విలోమానుపాతమంటే ఇదే. మగ్గం గుంత పక్కన కండెలు చుడుతూ పెరిగిన పిల్లకు ఇది సగం తెలిసిన సంగతి. ఆ పిల్లే బడిలో ‘పన్నెండు మంది పనివారు ఒక గోడను ఎనిమిది రోజులలో నిర్మించిన’ అని మొదలయ్యే లెక్క దగ్గర తెల్లముఖం వేస్తుంది. తప్పు పిల్లది కాదు, లెక్కదీ కాదు. ఈ రెండింటికీ మధ్య నిలబడాల్సిన మనిషి ఉపాధ్యాయుడు. ఆయన చేతికి ఏం ఇస్తున్నాం, ఆయన చుట్టూ ఏముంది అన్నదే ఈ కథనం.

ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, జిల్లాలన్నిటిలోకీ ఎక్కువ పోస్టులు కర్నూలుకే పడ్డాయి. అంత ఖాళీ ఉందంటే ఇన్నేళ్లూ అంత లోటు ఉందనే కదా! 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు అక్షరాస్యత 59.97 శాతం. అందులోనూ కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద లాంటి పడమటి మండలాలు ఎప్పుడూ అడుగు వరుసే. కొత్తగా చేరిన సార్లలో, మేడమ్‌లలో చాలామందికి ఈ ఊళ్ల పేర్లు కౌన్సెలింగ్ జాబితాలోనే మొదటిసారి కంటపడి ఉంటాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చెప్పేవాళ్లతోనే ముఖ్యంగా ఇక్కడ మాట్లాడాలి. ఈ వయసులో చేజారిన పిల్లలు పదో తరగతి మొహం చూడరు.

రెండు వందల ఏళ్ల కిందటి ఫిర్యాదు

ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లా. మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఊరి బళ్లెన్ని ఉన్నాయో లెక్కలు తీయమని కలెక్టర్లను ఆదేశిస్తే, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. జిల్లా మొత్తానికి 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. 235 బళ్లలో కన్నడం, 226 బళ్లలో తెలుగు, 23 బళ్లలో మరాఠీ, 21 బళ్లలో పారశీకం, 23 చోట్ల సంస్కృతం, నాలుగింట తమిళం. ఇంగ్లిషు బడి ఒక్కటంటే ఒక్కటే.

ఆ నివేదికలో ఈనాటి ఉపాధ్యాయుడు చదవాల్సినవి మూడున్నాయి. మొదటిది మెప్పు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, తర్వాత గుడ్డకు గంజీ బొగ్గుపొడీ పట్టించిన కడితం మీద బలపంతో రాస్తారు, తుడిచేసి మళ్లీ రాస్తారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పుతారు. ఖర్చు లేని ఈ పద్ధతిని ఇంగ్లండు కూడా అనుకరించిందని ఆయనే రాశాడు. రెండోది ఫిర్యాదు. పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. అన్నీ ఒప్పజెబుతారు గానీ అర్థం తెలియదు, చిలక పలుకులే. మూడోది అన్నిటికన్నా తక్కువ మందికి గుర్తున్న మాట. విదేశీ బట్ట వచ్చిపడి ఇక్కడి నేత కుటుంబాల ఆదాయం పడిపోయింది, జనం పేదవాళ్లయ్యారు, పిల్లల్ని బడికి పంపే స్తోమత తగ్గింది అన్నాడు.

మూడింటిలో మొదటిదాన్ని వదిలేశాం, మిగతా రెండూ దాచుకున్నాం. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లిషు, కుడి పేజీ తెలుగు. రెండూ అర్థంకాని పిల్ల మధ్య మడతను చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు హొళగుంద, కౌతాళం వైపు ఎంతమందో, ఆదోని పేటల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ అంతమంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. సరిహద్దు మారింది గానీ వంటింట్లో మాట మారలేదు కదా.

యార్డులో ఉన్న పాఠ్యపుస్తకం

ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు ఉదయాన్నే వెళ్లి నిలబడితే చాలు, శాతాల పాఠం మొత్తం అక్కడే జరుగుతూ ఉంటుంది. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. మీటరు 11 చూపిస్తే క్వింటాలుకు 243 రూపాయల 30 పైసలు పోతాయి. పన్నెండు క్వింటాళ్లు తెచ్చిన రైతుకు 2,919 రూపాయల 60 పైసలు తెగిపోతాయి. ‘ముసురులో తీసిన పత్తి ఎందుకు ఆరబెట్టాలి?’ అన్న ప్రశ్న ఇక సైన్సు పీరియడ్‌కు వదిలేయొచ్చు.

జిన్నింగ్ మిల్లులో ఇంకో లెక్కుంది. వంద కిలోల పత్తికి దూది సుమారు 34 కిలోలు, మిగిలినదంతా గింజ, కాస్త తరుగు. బేలు 170 కిలోలు. ఒక బేలుకు ఎంత పత్తి కావాలి? ఐదు క్వింటాళ్లు. గింజ నూనెమిల్లుకు పోతుంది, చెక్క పశువుల కొట్టానికి. ఆహారం, పరిశ్రమ, వ్యవసాయం అని మూడు పాఠాలుగా ముక్కలు చేసినదంతా ఆ ఒక్క గింజ వెనకాల నడిచివస్తుంది.

ఎమ్మిగనూరుకు వస్తే సాంఘిక శాస్త్రం మగ్గం మీదే ఉంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘమంటే పుస్తకంలో నిర్వచనం నాలుగు లైన్లు. వాటా అంటే ఏమిటి, నూలు ఎవరిచ్చేవారు, నేసిన చీర ఎవరు కొనేవారు, కూలి ఎలా కట్టేవారు అని సంఘం కాలనీలో ఒక ముసలాయన్ను బడికి పిలిపిస్తే, పిల్లలు అడిగే ప్రశ్నలకు ఒక పీరియడ్ చాలదు. క్యాంప్‌బెల్ రాసిన నేతగాళ్ల కష్టానికీ, సోమప్ప పెట్టిన సంఘానికీ మధ్య ఉన్న నూట పదిహేనేళ్లను పిల్లలే పూరించుకుంటారు.

తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతానికి ప్రాణం. 2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీళ్లు పోతుండగానే స్టాప్‌లాగులు (తాత్కాలిక అడ్డు పలకలు) దించి, వారం రోజుల్లో ప్రవాహాన్ని ఆపారు. ఎనిమిదో తరగతిలో ‘బలం, పీడనం’ పాఠానికి ఇంతకన్నా ఏం కావాలి? మూడు చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ బాటిలు, ఒక బకెట్ నీళ్లు ఉంటే లోతుతో పీడనం ఎలా పెరుగుతుందో పది నిమిషాల్లో చూపించవచ్చు. అడుగు చిల్లు నుంచి నీళ్లు ఎందుకు ఎక్కువ వేగంతో చిమ్మాయో చెప్పమంటే, వెనక బెంచీ పిల్లాడే గేటు సంగతి ఎత్తుతాడు.

బండ మీద రాసిన పాఠం

పత్తికొండ అవతల, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. జొన్నగిరి పేరు చెబితే తొలకరి వానల తర్వాత వజ్రాల వేటకు వచ్చే జనమే అందరికీ గుర్తొస్తారు. వజ్రాలకన్నా విలువైనవి ఆ బండల మీద అక్షరాలు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటి బ్రాహ్మీ లిపి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అమ్మానాన్నల మాట వినండి, ప్రాణుల పట్ల దయగా ఉండండి, నిజం చెప్పండి అన్న మాటలతోపాటు, ఏనుగులు నడిపేవాళ్లకూ రథాలు తోలేవాళ్లకూ రాతగాళ్లకూ బ్రాహ్మణ గురువులకూ ఒక ఆజ్ఞ ఉంది: మీ శిష్యులకు చక్కగా నేర్పండి అని. ఉపాధ్యాయులకు రాజు పంపిన తొలి సర్క్యులర్లలో ఇదొకటి అనుకోవచ్చు. పైగా మావటివాడినీ పంతులుతో సమానంగా గురువుల వరుసలోనే నిలబెట్టింది.

అంతదూరం బస్సు మాట్లాడుకోలేని బడికి ఒక చిట్కా. బ్రాహ్మీలో ‘క’ అంటే కూడిక గుర్తు. ‘న’ అంటే తలకిందులుగా పెట్టిన ఇంగ్లిషు టీ. ‘గ’ అంటే గుడిసె పైకప్పు. కనక అనే పేరున్న పాపను బోర్డు దగ్గరికి పిలిచి మూడు గుర్తులు వేయించండి. ఆరో తరగతి చరిత్ర పీరియడ్ ఇక గోలగోలే.

ముందు చదవడం రావాలి

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. పై పాఠాలన్నీ చదవడం వచ్చిన పిల్లలకే. ఏడో తరగతిలో కూర్చుని రెండో తరగతి పేరా కూడబలుక్కునే పిల్లలు ఈ మండలాల్లో ఉన్నారని అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్లకు బోధన సామగ్రి (టీఎల్ఎం) మేళాలో రంగుకాగితాల చార్టులు అక్కరకు రావు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ సర్వేలో వాడుతున్న కాగితం ఒకటుంది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ, అంతే. ఒక్కో పిల్లతో అయిదు నిమిషాలు కూర్చుంటే ఎవరు ఎక్కడ ఆగారో తేలుతుంది. తరగతిని బట్టి కాకుండా ఆగిన చోటును బట్టి గుంపులు చేసి, రోజుకు ఒక గంట చదివించాలి. సిలబస్ వెనకబడుతుందని భయపడేవాళ్లు ఒకటి గమనించాలి: చదవలేని పిల్ల ముందు పూర్తయిన సిలబస్ పూర్తయినట్టు కాదు.

చదివించడానికి పుస్తకాలు లేవనే మాట ఇప్పుడు చెల్లదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగు, కన్నడం, ఉర్దూల్లోనూ ఉన్నాయి, ఉచితంగా. ఒకే కథను మూడు భాషల్లో ముద్రించి గోడకు తగిలిస్తే కన్నడ పిల్ల తెలుగు పేజీకి తనంతట తనే జరుగుతుంది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కదా. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ‘కొత్తపల్లి’ కథల్లో మన సీమ మాటే వినిపిస్తుంది. జనవిజ్ఞాన వేదిక ‘చెకుముకి’, అరవింద్ గుప్తా చెత్తతో చేసే బొమ్మలు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఒకే గదిలో పలు తరగతులు నడిపేందుకు తయారుచేసిన కార్డులు, ఇవేవీ కొత్తవి కావు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఫార్మాట్లు నింపడానికి పోయే పూటలో సగం వీటికి ఇస్తే చాలు.

ట్యాబులు, తెరలు వద్దని కాదు. ఐఎఫ్‌పీ డిజిటల్ తెర ఉన్న బడిలో ఫెట్ సైన్సు సిమ్యులేషన్లు చూపించవచ్చు, పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా పాఠం వస్తుంది. కానీ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులిచ్చారు, 2024కల్లా ఆ కంపెనీ దివాలా విచారణలో ఉంది. బయటినుంచి వచ్చే పెట్టె మీద బడి ఆధారపడకూడదు.

అక్టోబరు దాటితే ఈ మండలాల్లో సుగ్గి, అంటే కూలి పనులకు వలస, మొదలవుతుంది. పత్తి తీతకు తెలంగాణకు, తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు లారీలు కదులుతాయి. ఆడపిల్లలే ముందు ఎక్కుతారు, చెల్లెల్ని ఎత్తుకోవడానికో, కిలోల లెక్కన కూలికో. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్ల బడిలో ఉండాలన్నది చట్టం, 2010 నుంచి అమల్లో ఉంది. సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గానీ, లారీలు కదిలాక తెరిచిన హాస్టల్ ఎవరికి పనికొస్తుంది? కాబట్టి కొత్తగా చేరిన ఉపాధ్యాయులకూ, విద్యా కమిటీలకూ, మండల విద్యాశాఖకూ ఒకటే మనవి. దసరా సెలవులకు ముందే ఇల్లిల్లూ తిరిగి, ఎవరి అమ్మానాన్నలు సుగ్గికి పోతున్నారో జాబితా రాయండి. ఆ జాబితాతో హాస్టల్ అడగండి. అయినా వెళ్లిపోయిన పిల్ల పేరు రిజిస్టరులోంచి కొట్టేయకండి, మార్చిలో తిరిగొచ్చినప్పుడు ఏ తరగతిలో కూర్చోవాలని అడగకుండా, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలుపెట్టండి.