బరువు తగ్గించే శస్త్రచికిత్స: అనుమతి పత్రంలోని అంకె కథ

గత శీతాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం, సాల్మియాలోని మా ఇంటికి ఒక మిత్రుడు వచ్చారు. చేతిలో ఒక ఉత్తరం. ఆరేళ్ళ క్రితం ఇండియాలో తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీ మీద, బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ఆయన ముందస్తు అనుమతి కోరారు. బీమా సంస్థ రెండు వాక్యాలలో తిరస్కరించింది. ఆయన ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 90 కిలోలు. పదకొండేళ్ళుగా మధుమేహం ఉన్నది, ఇన్సులిన్ వాడుతున్నా అది అదుపులోకి రావడం లేదు. ఉత్తరం బల్ల మీద పెట్టి, "లెక్క వేశానండీ డాక్టరుగారూ! ఇంకో ఐదారు కిలోలు పెరిగితే వాళ్ళ షరతుకు సరిపోతాను. ఈ రోజు మీ ఇంట్లో బిర్యానీయే కదా!" అని నవ్వారు. నేను రసాయన శాస్త్రంలో డాక్టరునే గాని వైద్యుణ్ణి కానని ఆయనకు తెలుసు. అయినా ఆ లెక్క తప్పు కాదు. అదే నన్ను కలవరపెట్టింది. రోగిని మరింత రోగిగా మారమని చెప్పే ఆ షరతు ఎక్కడి నుండి వచ్చింది?

ఆ షరతుకు మూలం దేహభార సూచిక, అనగా అందరూ బి.ఎం.ఐ. అని పిలిచే అంకె. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చేదే ఇది. పందొమ్మిదవ శతాబ్దంలో బెల్జియం దేశపు గణిత, ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెత్లే ఈ నిష్పత్తిని రూపొందించాడు. ఆయన ఉద్దేశం జన సమూహాల సగటును వర్ణించడమే గాని ఒక మనిషికి వైద్యం నిర్ణయించడం కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్, ఆయన సహచరులు దీనికి నేటి పేరు పెట్టారు. మా మిత్రుని విషయంలో 1.65ను వర్గం చేస్తే 2.7225. దానితో 90ని భాగిస్తే 33 వస్తుంది.

ప్రయోగశాలలో పనిచేసే వానిగా ఇక్కడ ఒక చిన్న మాట. ఎత్తును వర్గం చేస్తున్నాము గనుక ఎత్తు కొలవడంలో జరిగే పొరపాటు ఫలితంలో దాదాపు రెట్టింపవుతుంది. 165 సెంటీమీటర్ల మనిషి 109 కిలోలుంటే సూచిక 40 దాటుతుంది. చెప్పులతో నిలబెట్టి 167 అని రాసుకుంటే అదే మనిషి 39 వద్ద ఆగిపోతాడు. అనుమతికీ తిరస్కృతికీ మధ్య ఉన్నది ఒక జత చెప్పులు! కాబట్టి ఆసుపత్రిలో పాదరక్షలు విడిచి, గోడకు మడమలు ఆనించి ఎత్తు కొలిపించుకోవడం, అన్ని కాగితాలలోనూ ఒకే అంకె ఉండేలా చూసుకోవడం అవసరం.

ఇంతకంటే పెద్ద చిక్కు మన దేహంలోనే ఉన్నది. 2004లో పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి సూచికా 22.3. కానీ ఎక్స్‌రే పద్ధతిలో కొలిస్తే యడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. చూడడానికి సన్నగా ఉన్నా కండ తక్కువై, కొవ్వు పొట్ట చుట్టూ పేరుకోవడం భారతీయులలో సామాన్యం. అందుకే యూరపు వారికంటే తక్కువ బరువులోనే మనకు మధుమేహం వస్తుంది.

ఇప్పుడు నియమాల సంగతి. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం, సూచిక 40 ఉన్నవారికి, లేదా 35 ఉండి తీవ్రమైన అనుబంధ వ్యాధులున్నవారికి ఈ శస్త్రచికిత్స తగునని చెప్పింది. ముప్ఫై ఏళ్ళు గడిచాక, 2022లో అమెరికా, అంతర్జాతీయ స్థూలకాయ శస్త్రవైద్యుల సంఘాలు ఆ హద్దులను సవరించాయి. వ్యాధులున్నా లేకున్నా 35 చాలు. మధుమేహం వంటివి ఉంటే 30 నుండే ఆలోచించవచ్చు. ఆసియా ప్రజలకైతే 27.5 నుండే ఈ చికిత్సను సూచించాలి. వైద్యశాస్త్రం దృష్టిలో మా మిత్రుడు ఎప్పుడో అర్హుడు.

కాని బీమా పత్రం 1991లోనే నిలిచి ఉన్నది. భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో మినహాయింపుల భాషను ప్రామాణికం చేసినపుడు స్థూలకాయానికి ఆరవ సంఖ్య ఇచ్చింది. పాలసీ పత్రాలలో అది నేటికీ కనిపిస్తుంది. దాని ప్రకారం శస్త్రచికిత్స వైద్యుని సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాల మద్దతు ఉండాలి, రోగికి 18 ఏళ్ళు నిండాలి, సూచిక 40 ఉండాలి. 35 ఉన్నా చాలును గాని, అప్పుడు తేలికైన పద్ధతులు విఫలమై ఉండాలి, పైగా స్థూలకాయం వల్ల గుండె కండరానికి వచ్చిన జబ్బు, గుండె రక్తనాళాల వ్యాధి, నిద్రలో శ్వాస ఆగే తీవ్ర వ్యాధి, అదుపు తప్పిన రెండవ రకపు మధుమేహం వీటిలో ఏదో ఒకటి ఉండాలి. మా మిత్రునికి నాలుగవది ఉన్నది. లేనిది సుమారు ఐదున్నర కిలోల బరువు.

ఆ బరువును పెంచుకోవడం ఎందుకు కూడదో ఆయనకు ఆ రాత్రి వివరించాను. పెరిగే కొవ్వులో కొంత కాలేయంలో చేరుతుంది. ఆ కాలేయం కింద నుండే శస్త్రవైద్యుడు పనిచేయాలి. అందుకే శస్త్రచికిత్సకు ముందు చాలాచోట్ల సుమారు రెండు వారాలు తక్కువ కెలోరీల ఆహారం ఇచ్చి కాలేయాన్ని కుదిస్తారు. ఒకవైపు పెంచి మరొకవైపు తగ్గించే ఈ ఆటలో ముందుగా దెబ్బతినేది మధుమేహ రోగి శరీరమే. అదీగాక బీమా వైద్యుడు పాత రికార్డులు అడుగుతాడు. మూడు నెలల్లో పెరిగిన బరువు వాటిలో దాగదు.

ఇంతకీ ఈ శస్త్రచికిత్స చేసేదేమిటి? స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు మూడు వంతులకు పైగా తొలగించి సన్నని గొట్టంలా మిగులుస్తారు. 1999లో జపాను శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా పుట్టేది ఆ తొలగించిన భాగంలోనే. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం త్వరగా ప్రేగు దిగువకు చేరి జి.ఎల్.పి.-1 అనే హార్మోను పెరుగుతుంది. అందుకే బరువు తగ్గక మునుపే, కొద్ది రోజుల్లోనే చక్కెర దిగడం చూస్తాము. ఇది పొట్ట కోసి తిండి మాన్పించడం కాదు, రసాయన సంకేతాలను మార్చడం.

సంకేతాలు మారితే బాధ్యతలూ మారుతాయి. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం చూసుకోవాలి. కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి. ఆమ్లం తగ్గిన కడుపుకు కాల్షియం సిట్రేట్ మేలు. శాకాహారులకు బి12 ముందే తక్కువ. ఇంత ఎండ ఉన్న గల్ఫులోనూ డి విటమిన్ లోపం మనలో విస్తారంగా ఉన్నది. వైద్యుడు అనుమతికి ముందు ఇవన్నీ కొలిపించడం, థైరాయిడ్ పరీక్ష, ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష చేయించడం, మానసిక నిపుణుని వద్దకు పంపడం చాదస్తం కాదు. "వీరి తరువాతి జీవితాన్ని వీరు నడుపుకోగలరా" అన్నదే ఆయన ప్రశ్న.

ఇక్కడ మనవారు తరచుగా చేసే ఒక పని గురించి చెప్పాలి. నెల రోజుల సెలవులో ఊరికి వెళ్ళి, పెళ్ళిళ్ళు, తిరుపతి మొక్కు, శస్త్రచికిత్స అన్నీ ముగించి తిరిగి రావాలనుకుంటారు. కుట్టిన చోట లీకు వంటి ఉపద్రవాలు మొదటి వారాల్లోనే బయటపడతాయి. పైగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్న సమయంలోనే విమాన ప్రయాణం చేయవలసి వస్తుంది. తిరిగి వచ్చాక సాల్మియాలో ఎవరు చూస్తారో, రక్త పరీక్షలు ఎక్కడ చేయిస్తారో టికెట్టు కొనకముందే నిర్ణయించుకోవాలి.

కువైత్‌లో నివాసానికి అవసరమైన ఆరోగ్య బీమా వేరు, కంపెనీలు ఇచ్చే గ్రూపు బీమా వేరు. మొదటిదానితో మన నివాస ప్రాంతపు క్లినిక్‌లో ఆరంభించి, వైద్యుని ఉత్తరంతో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. రెండవదానిలో స్థూలకాయ చికిత్స తరచు మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. ఆ జాబితాను కంపెనీలోని సిబ్బంది విభాగం నుండి రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం. ఇండియా పాలసీ ఉన్నవారు, అది ఈ రోజు కొని వచ్చే నెల వాడుకునేది కాదని గ్రహించాలి. ముందే ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు ఉండవచ్చని 2024 నిబంధనలు చెబుతున్నాయి. మధుమేహం దాచి పాలసీ తీసుకున్నవారికి తరువాత అదే అడ్డవుతుంది.

వైద్యుని ఉత్తరంలో ఉండవలసినవి: మొదటి సందర్శన నాటి ఎత్తు, బరువు, ఇటీవలి మూడు నెలల సగటు చక్కెర పరీక్షలు, వాడిన మందుల పేర్లు, కాలం, పర్యవేక్షణలో చేసిన ఆహార ప్రయత్నాల తేదీలు. "చాలా ప్రయత్నించారు" అన్న మాట పనికిరాదు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ నిబంధన కింద అన్నది రాతపూర్వకంగా అడగాలి. సంస్థ ఫిర్యాదు విభాగానికి రాసిన నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది, రుసుము లేదు. తుది తిరస్కృతి నుండి ఏడాది లోపల వెళ్ళాలి. అయితే పత్రంలో 35 అని స్పష్టంగా ఉన్నపుడు 33కు అక్కడ గెలుపు వస్తుందని నేను ఎవరికీ ఆశ పెట్టలేను.

మా మిత్రుడు బిర్యానీ తిన్నారు, కాని ఐదు కిలోల ఆలోచన మానుకున్నారు. జి.ఎల్.పి.-1ను అనుకరించే ఇంజక్షన్లు ఇప్పుడున్నాయి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఆ కోవవే. రెండవది 2025 మార్చిలో ఇండియా మార్కెట్టుకూ వచ్చింది. ఇక్కడి ఎండోక్రైన్ నిపుణుని సలహాతో ముందు ఆ దారిలో వెళుతున్నారు. అది చాలకపోతే సొంత ఖర్చుతో శస్త్రచికిత్స చేయించుకోవాలా అన్నది కుటుంబంతో మాట్లాడుకుంటున్నారు. ప్రతి నెలా బరువు, చక్కెర అంకెలు తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో ఆయన భార్య రాస్తున్నారు. తిరస్కృతి ఉత్తరం ఆ పుస్తకం మొదటి పేజీకి పిన్ను చేసి ఉన్నది.